సింహాచలం బండి వెనక్కెందుకు పోయింది

పోయిన వారం సింహాచలాన్ని రైల్వే గేటు పక్కన, టమాటాల కుప్పలో కూర్చోబెట్టి వచ్చేశాం. ఒక మనిషిని వారం రోజుల పాటు అలా వదిలేయడం మర్యాద కాదు. ముందు ఆయన్ని లేపి, తరవాత మాట్లాడుకుందాం.

లేపింది ముగ్గురు. ఒకరు గేట్‌మన్. రెండోది టమాటాల సొంతదారు సుక్‌వారో బాయి. ఆవిడ ఒక చేత్తో సింహాచలాన్ని లేపుతూ రెండో చేత్తో "ఏ దాయీ, మోర్ సబ్బో పతాల్!" అని గుండె బాదుకుంది. అయ్యో తల్లీ, నా టమాటాలన్నీ పోయాయని; పతాల్ అంటే ఆవిడ భాషలో టమాటా. మూడోది వెనకే సైకిలు మీద వస్తున్న కూతురు భానుప్రియ. పెద్ద దెబ్బలేం తగల్లేదు. చొక్కా నిండా ఎరుపు చూసి గేటు దగ్గర ఉన్న జనంలో సగం మంది అయ్యో అన్నారు. అందులో గింజలు చూసి మిగతా సగం నవ్వారు.

కథ మధ్యలో వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. సింహాచలం బిలాస్‌పూర్ యార్డులో ట్రైన్ లైటింగ్ ఫిట్టరు. రైలు పెట్టెల కింద వేలాడే డైనమోలు, బ్యాటరీలు చూసే పని. పెట్టె కదిలితే డైనమో తిరుగుతుంది, డైనమో తిరిగితే మీ బెర్తు మీద దీపం వెలుగుతుంది, మీరు ఈ సీరియల్ చదువుకుంటారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన చేసింది అదే. ఏడు నెలల కిందట రెండు పెట్టెల మధ్య ఆయన కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. రేపు, అంటే సోమవారం పదింటికి, డాక్టరుగారూ ఫోర్‌మన్‌గారూ కలిసి ఒకే ఒక సంగతి తేలుస్తారు. బ్యాటరీ చార్జింగ్ రూములో కూర్చుని చేసే పనికి ఈ మనిషి రోజూ తనంతట తాను రాగలడా, లేడా? రాగలిగితే ఇంకో ఆరేళ్ళు డ్యూటీ. లేకపోతే అన్‌ఫిట్. అన్‌ఫిట్ అయితే ఆయన ఇంటికి, ఆ ఉద్యోగం ఆయన పిల్లకి. ఆ పిల్ల ఎలక్ట్రికల్ డిప్లొమా పాసై మూడేళ్ళుగా ఇంట్లోనే ఉంది.

చార్జింగ్ రూము క్వార్టరుకి మైలున్నర దూరం. అందుకే ఈ బండి. కోర్బా గనుల వైపు వచ్చిన విదేశీ ఇంజనీరెవరో తెప్పించుకున్న నాలుగు చక్రాల మోటారు సైకిలు అది. ఆయన వెళ్ళిపోయాడు, బండి మిగిలింది, ఇంజను చచ్చింది, దానికి స్పేరు పార్టు ఈ దేశంలో లేదు. తెలిపారాలో పాత ఇనుము కొట్టువాడి దగ్గర పడి ఉంటే సింహాచలం తెచ్చి, ఇంజను పీకేసి, ఆ చోట న్యారో గేజ్ పెట్టె కింద నుంచి విప్పిన చిన్న డైనమో పెట్టాడు. డైనమోకి ఎదురు కరెంటు ఇస్తే అదే మోటారై తిరుగుతుంది. సీటు కింద పన్నెండు బ్యాటరీ సెల్సు. కాలితో వేసే గేర్లు లేవు, తొక్కే బ్రేకు లేదు, అన్నీ చేతుల్లోనే. కాలనీవాళ్ళు దానికి చార్‌పహియా, అంటే నాలుగు చక్రాలది, అని పేరు పెట్టారు. వారం రోజులు వీధిలో అటూ ఇటూ బుద్ధిగా తిరిగింది.

ఈ ఆదివారం పొద్దున్న, రేపటి పరీక్షకి ముందు, ఒకసారి మొత్తం దారి చూసి వద్దామని బయల్దేరాడు. గేటు పడి ఉంది. గేటు ముందు ఎత్తు మీద ఆగాడు. గేటు లేచింది. బ్రేకు వదిలితే బండి జానెడు వెనక్కి జారింది. స్విచ్చి నొక్కాడు. బండి ముందుకి పోవాల్సింది పోయి, ఎవరో పిలిచినట్టు వెనక్కి పరుగెత్తింది.

ఇప్పుడు ఇంటికి వద్దాం.

మధ్యాహ్నం మూడయ్యేసరికి ఈ వింతకి కాలనీలో నాలుగు కారణాలు తయారయ్యాయి. పక్క క్వార్టరు అచ్చియమ్మ దిష్టి అంది. ఎదురింటాయన బ్యాటరీ వీక్ అన్నాడు. ఇంకెవరో విదేశీ బండి కాబట్టి మన రోడ్డు పడలేదన్నారు. నాలుగోది సింహాచలం బావమరిది పోలయ్యది. ఆయన యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, యూనియన్ మనిషి, జేబులో ఎప్పుడూ ఏదో ఒక ఫారం ఉంటుంది. ఆ రోజు ఉన్నది అన్‌ఫిట్ అప్లికేషను.

"బండి కూడా సెప్పీసింది కద బావా, ఎనక్కి వచ్చీమని," అన్నాడు పోలయ్య. "నీకెందుకీ సర్కసు? సంతకం ఎట్టీ. మన భాను గుంటకి పని వచ్చీద్ది, నీకు పింఛను వచ్చీద్ది. అందరూ ఖుష్."

"టీ తాగినావా?" అన్నాడు సింహాచలం.

"తాగినాను."

"అచ్ఛా. అయితే ఎల్లు."

పోలయ్య ఫారాన్ని గడియారం కింద మేకుకి గుచ్చి వెళ్ళిపోయాడు. సింహాచలం చంకకర్ర తీసుకుని పెరట్లోకి పోయాడు, బండి పక్కన పీట వేసుకున్నాడు, ఎవరూ రావద్దన్నాడు.

వంటింట్లో ఆయన భార్య మంగాయమ్మ ముందు రెండు గంపల టమాటాలున్నాయి. చితికిన సరుకు సుక్‌వారో మరి ఎవరికి అమ్ముతుంది? మొగుడు ఎక్కడ పడితే ఆ సరుకు ఇంటికి తెచ్చుకోవాలన్నది గేటు దగ్గర అప్పటికప్పుడు పుట్టిన న్యాయం. సిమెంటు బస్తాల మీద పడనందుకు సంతోషించి, మంగాయమ్మ కత్తిపీట ముందు కూర్చుంది.

నాలుగు కారణాల్లో ఆమెకి ఒక్కటీ నచ్చలేదు. ఆమెది ఐదోది. అది గురువారం నాటిది.

గురువారం పెరట్లో వడియాల మంచానికి ఎండ చాలక, అడ్డంగా ఉన్న బండిని ఆమే రెండు చేతులతో వెనక్కి నెట్టింది. అదే సమయానికి భాను వచ్చి ఏదో చూడబోయి స్విచ్చి నొక్కింది. బండి వెనక్కే పోయి మంచం కోడుకి తగిలింది. రెండు వరసల గుమ్మడి వడియాలు నేల మీద పడ్డాయి. భాను ఒక నిమిషం బండి వైపు అలాగే చూసింది. తరవాత "వైరు ఉల్టా పెట్టా అమ్మా, సారీ," అంది. మంగాయమ్మ వడియాల గొడవలో పడి వైరు గొడవ వదిలేసింది.

"భానూ!" అని పిలిచింది.

భాను వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. పొద్దున్న తండ్రిని ఎత్తినప్పటి టమాటా మరకలు దుపట్టా మీద అలాగే ఉన్నాయి.

"కూకో. నువ్వూ కొయ్యి."

"రెండో కత్తిపీట లేదు."

"చాకుంది. కూకో."

కూర్చుంది. రెండు గంపల్లోంచి పళ్ళు తగ్గుతూ వచ్చాయి.

"గురువారం నాడు వైరు ఉల్టా ఎట్టినాను అన్నావు," అంది మంగాయమ్మ తల ఎత్తకుండా. "ఏ వైరే?"

చాకు ఆగింది.

"యాద్ లేదు."

"నాకుంది. ఆ రోజు వైర్లు నువ్వు ముట్టుకోనేదు. స్విచ్చి ఒక్కటే నొక్కినావు. ఈ రోజు మీ నాన్న కూడా స్విచ్చి ఒక్కటే నొక్కినాడు. రెండు సార్లూ బండి ముందుగాల ఎనక్కి కదిలింది, ఆ తరవాతే స్విచ్చి. నాను డిప్లొమా సదవనేదు. కానీ నా వడియాలు పడిపోనాయి, ఆయన పడిపోనాడు. ఏటి సంగతి?"

భాను ఒక టమాటాని అవసరం కంటే సన్నగా తరగడం మొదలుపెట్టింది. చివరికి చాకు కింద పెట్టేసింది.

"డైనమో లోపల ఒక రింగు ఉంటాది అమ్మా. కరెంటు అందుకునే బొగ్గుముక్కలు దానికి బిగించి ఉంటాయి. ఆ రింగు లూజుగా ఉంటాది, కావాలనే. పెట్టె ఎటు పోతే రింగు అటు తిరుగుతాది."

"ఎందుకు?"

"రైలు ఎటు పోయినా దీపం వెలగాలి కదా. హౌరా పోతే ఒకలాగ, బొంబాయి పోతే ఒకలాగ ఉంటే ఎట్లా? అందుకని. డైనమోకి అది మంచిదే. కానీ మనం దాన్ని మోటారు చేసేసినాం. ఇప్పుడు బండి జానెడు ముందుకి కదిల్తే రింగు ముందుకి తిరుగుతాది, మోటారు ముందుకే లాగుతాది. జానెడు వెనక్కి జారితే..."

"ఎనక్కే లాగుతాది."

"హాఁ."

"ఈ సంగతి నీకు గురువారమే తెలుసు."

భాను మళ్ళీ చాకు అందుకుంది. మంగాయమ్మకి జవాబు అక్కర్లేదు. కూతురు ముఖం ఆమెకి ఇరవై మూడేళ్ళుగా తెలిసిన అక్షరాలతో రాసి ఉంది. తెలుగు సరిగ్గా చదవడం రాదని ఆ పిల్లని తిడుతుంది గానీ, ఆ పిల్ల ముఖం మాత్రం అచ్చ తెలుగు.

"పోలయ్య మావ సెప్పినాడా, నోరు మూసుకో అని?"

"లేదు. ఆయనకి రింగు అంటే వేలికి పెట్టుకునేదే తెలుసు. ఆ ఆలోచన నాకే వచ్చింది."

"అదే నా బాధ."

"గురువారం సాయంత్రమే చెప్పేద్దాం అనుకున్నా, కసమ్ సే, ఒట్టు. ఇంతలో మావయ్య ఫారం పట్టుకుని వచ్చాడు. సోమవారం నాన్న పాస్ కాకపోతే నాకు ఉద్యోగం అన్నాడు. చెప్పలేదు. శుక్రవారం చెప్పలేదు. నిన్నా చెప్పలేదు. నేను ఏం చెడగొట్టలేదు అమ్మా. చెప్పలేదు, అంతే."

మంగాయమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. చెప్పకపోవడం పని కాదని ఈ పిల్ల అనుకుంటోంది. ముప్పై ఏళ్ళ సంసారంలో మంగాయమ్మ చెప్పకుండా ఊరుకున్నవి ఎన్నో ఉన్నాయి. ఒక్కోదానికీ రోజూ ఎంత కష్టపడాలో ఆమెకి తెలుసు. వంట కంటే ఎక్కువే.

"రోడ్డు మీద పడిపోతాడని అనుకోనేదా?"

"లేదు!" భాను గొంతు మొదటిసారి పెరిగింది. "చార్జింగ్ రూము ముందు చిన్న ర్యాంపు ఉంటాది. అక్కడ ఆగి, ఎక్కలేక, ఇంత వెనక్కి వస్తాది అనుకున్నా. డాక్టరు చూస్తాడు, నో అంటాడు. బస్. ఈ రోజు గేటు దాకా తీసుకుపోతారని నాకేం తెలుసు? నాన్నని లేపినప్పుడు నా చేతులు ఎర్రగా ఉన్నాయి. ఒక్క సెకను... టమాటా అని తెలీలేదు అమ్మా."

మంగాయమ్మ ఆ చేతుల వైపు చూసి, కోసిన ముక్కల మీద మూత పెట్టింది.

"ఆరేళ్ళు," అంది భాను, ఈసారి మెల్లగా. "నాన్న రిటైరయ్యేసరికి నాకు ఇరవై తొమ్మిది. ఎక్కడికి పోయినా ఆడపిల్లవి పెట్టె కిందికి దూరతావా అని నవ్వుతున్నారు. దూరతా అంటే ఇంకా నవ్వుతున్నారు. నాన్న పోస్టయితే నవ్వలేరు, ఇవ్వాల్సిందే. నాన్న కూడా అలిసిపోయాడు కదా?"

"డ్యూటీలో అలిసిపోనేదు. ఈ ఏడు నెలలూ ఇంట్లో కూకుని అలిసిపోనాడు."

ఆ మాట అన్నాక మంగాయమ్మకి తన మీద తనకే అనుమానం వచ్చింది. తను ఎవరి పక్షం? బండి పాసైతే మొగుడు పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని పోతాడు, ఇంట్లో మళ్ళీ మగవాడి అలికిడి తగ్గి గాలి ఆడుతుంది. ఫెయిలైతే కూతురు డబ్బా పట్టుకుని పోతుంది. ఈ క్వార్టర్ల వరసలో ఏ ఆడపిల్లా పట్టుకోని స్పానర్ పట్టుకుంటుంది. రెండు డబ్బాలూ కట్టాలని ఉంది ఆమెకి. పోస్టు ఒక్కటే ఉంది.

"నాను ఆయనకి సెప్పను," అంది లేస్తూ. "సెప్పాల్సింది నాను కాదు."

పెరట్లో సింహాచలం డైనమో మూత తీసేశాడు. వాళ్ళిద్దరి అడుగులు విని, రావద్దన్నానని మర్చిపోయి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. లోపల వేలు పెట్టి ఇత్తడి రింగుని అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"సూసినావేటి మంగా? ఇదీ దొంగ. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి దీన్ని బాగుసేసింది నానే. ఇది ఇటూ అటూ తిరగాల, బిగుసుకుపోతే దీపాలు పోతాయి. అంచేత బండిలో ఎట్టేముందు దీనికి బాగా నూనె కూడా ఏసినాను! నా సేత్తో నానే!" ఆయన తొడ మీద కొట్టుకున్నాడు. "ఏ ట్రాక్టరు మెకానిక్కో అయితే ముందు పట్టుకునేవాడు. నాకెలా తడతాది? పెట్టెకి ముందేటి, ఎనకేటి? ఇంజను ఎటు తగిలిస్తే అటే ముందు. నాను అలాగే బతికీసినాను."

మంగాయమ్మ కూతురి వైపు చూడకుండా తులసి కుండీ వైపు చూసింది.

"ఏం పెద్ద పని కాదు," అన్నాడు ఆయన. "రింగుని ముందు పక్కకి తిప్పి ఒక బోల్టు బిగించీడమే. ఇంక తిరగదు. గేటు కాదు, కొండ మీద ఆపినా ముందుకే పోతాది. ఎనక్కి రావాలంటే దిగి నెట్టుకోవాల, నెట్టుకుంటాను. భానూ, డ్రిల్లు తేమ్మా. కన్నం ఎయ్యాల."

భాను కదల్లేదు.

ఇక్కడ ఆ పిల్లకి దారి బాగానే ఉంది. లోపం తండ్రే కనిపెట్టాడు. తప్పు కూడా తనదేనని ఆయనే సంబరంగా ఒప్పుకున్నాడు. డ్రిల్లు తెచ్చి ఇస్తే చాలు, గురువారం అనే రోజు ఎవరికీ గుర్తుండదు. తల్లి నోరు విప్పదు, అలా అనే వచ్చింది.

"డ్రిల్లు అక్కర్లేదు నాన్నా," అంది భాను. "కింద పక్క చూడు. కన్నం ఉంది."

సింహాచలం వేలు రింగు కిందికి పోయింది. ఆగింది.

భాను కుర్తా జేబులోంచి ఒక బోల్టు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

ఫిట్టరు చేతిలో బోల్టు పెడితే చదివేస్తాడు. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. మూత కింద పట్టడానికి తల అరగదీసి ఉంది. కరెంటు తగలకుండా సైకిలు ట్యూబు ముక్కతో వాషరు కోసి తొడిగి ఉంది. పొడుగు సరిగ్గా కావలసినంతే ఉంది, నూలు వాసి తేడా లేదు. ఇది ఇప్పటికిప్పుడు, వంటింట్లో టమాటాలు కోస్తూ చేసింది కాదు. ఆకురాయితో కనీసం ఒక పూట పని.

"సాఫుగా సేసినావు," అన్నాడు ముందు. మొదట పని గురించి చెప్పడం ఆయన అలవాటు. తరవాత, "ఎప్పుడు?"

"గురువారం. మధ్యాహ్నం."

ఆయన బోల్టుని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. కోపం వస్తుందని మంగాయమ్మ ఎదురు చూసింది. వస్తే బాగుండునని కూడా అనుకుంది. కోపం ఆమెకి తెలిసిన సరుకు, ఎక్కడ దించాలో తెలుసు.

"నాకు ఆరేళ్ళు పని సెయ్యాలనుంది," అన్నాడు చివరికి. "నీకు పని కావాల. రెండిట్లో తప్పేటీ నేదు. నన్ను అడగొచ్చు కదమ్మా."

"అడిగితే ఇచ్చేసేవాడివి నాన్నా," అంది భాను. "అందుకే అడగలేదు."

సింహాచలం చంకకర్ర అందుకుని లేచాడు. లేస్తూ బోల్టుని కూతురి చేతిలో తిరిగి పెట్టి, ఆ వేళ్ళు తనే ముడిచాడు.

"బోల్టు ఎడతావో మానతావో నీ ఇష్టం. మూత నువ్వే ఎయ్యి. నాను మళ్ళీ తీసి సూడను, నిన్ను అడగను. పొద్దున్న తొమ్మిదికి ఎక్కుతాను, గేటు కాడ ఆపుతాను. ఏటవుతాదో అక్కడే తెలుస్తాది."

"ఇదేటి పందెమండీ?" మంగాయమ్మ అడ్డం వచ్చింది. "మళ్ళీ ఎనక్కి పోతే?"

"ఎవలూ లేకుండా సూసుకుని పడతాను," అని ఆయన లోపలికి పోయి, గోడ వైపు తిరిగి మంచం మీద పడుకున్నాడు.

మంగాయమ్మ వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. కిటికీలోంచి కూతురి వీపు కనిపిస్తుంది, చేతులు కనిపించవు. చూడకూడదనే అనుకుంది. వినడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్పానరు తిరిగితే చప్పుడవుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఫిట్టరుతో కాపురం చేసిన చెవి, బోల్టు బిగిసిందో లేదో ఆ చప్పుడుతో చెప్పేస్తుంది.

భాను బండి పక్కన కూర్చుంది. చాలాసేపు అలాగే కూర్చుంది. తరవాత డైనమో మీదికి వంగింది.

అప్పుడే పెరటి గోడ అవతల లైను మీదికి కోర్బా బొగ్గు గూడ్సు వచ్చింది. కిటికీ చువ్వలు అదిరాయి, గిన్నెలు అదిరాయి, మంగాయమ్మ చెవిలో పట్టాల మోత తప్ప ఇంకేం మిగల్లేదు. చేసేది లేక, అలవాటు కొద్దీ వ్యాగన్లు లెక్కపెట్టింది. యాభై ఎనిమిది. చివర గార్డు పెట్టె కూడా దాటి మోత సన్నగిల్లేసరికి, డైనమోకి మూత పడి ఉంది. భాను పంపు కింద చేతులు కడుక్కుంటోంది.

"నాన్నా," అని పిలిచింది ఇంటి వైపు తిరిగి, "బండి తయార్."